42 చిన్న బోర్డులు, ఒక డబ్బా ఐస్ పుల్లలు: క్లాసులో వాడాక నా రివ్యూ

ఈ చిన్న వైట్‌బోర్డుల గురించి ఆన్‌లైన్‌లో వెతికితే ఇంట్లో పిల్లలు బొమ్మలు వేసుకోవడానికి బాగున్నాయని రాసినవాళ్లే కనిపిస్తారు. క్లాసు మొత్తానికి కొని, రోజూ పాఠంలో వాడినవాళ్లు రాసింది నాకైతే దొరకలేదు, అందుకే రాస్తున్నాను. నేను కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఏడో తరగతిలో 42 మంది. నేను కొంత, తోటి టీచర్లు ఇద్దరు కొంత వేసుకుని రాజమండ్రిలో ఒక హోల్‌సేల్ స్టేషనరీ షాపులో ఏ4 సైజు బోర్డులు 42 తీసుకున్నాం, వాటితోపాటు మార్కర్లు, పిల్లల పేర్లు రాసి చీటీల్లా తియ్యడానికి ఒక డబ్బా ఐస్ పుల్లలు. బోర్డు ఒక్కోటి 70 రూపాయలు పడింది, అంటే బోర్డులకే దాదాపు మూడు వేలు.

ముందే చెప్పేస్తాను: బోర్డు నాణ్యత ఓ మాదిరి, దాంతో క్లాసులో జరిగే పని మాత్రం చాలా గొప్పది. ఈ రెండూ వేరువేరుగా చూడాలి.

ఎందుకు కొన్నామంటే, మన క్లాసుల్లో పాఠం అయ్యాక అడిగే ప్రశ్న ఒకటుంది కదా, "అర్థమైందా?" అని. దానికి వచ్చే జవాబు కూడా అందరికీ తెలిసిందే, 42 గొంతులు కలిపి "అయ్యిందండీ!" అంటాయి. ఆ అరుపులో ఎవరికి అయ్యిందో ఎవరికి కాలేదో ఎవరూ చెప్పలేరు. పోనీ "ఎవరు చెబుతారు?" అని అడిగితే ఎప్పుడూ లేచే చేతులు అయిదారే, అవి కూడా ముందు బెంచీల్లోనివే. వాళ్లు చెప్పిన సరైన జవాబు విని మనం తర్వాతి లెక్కకి వెళ్లిపోతాం. చివరి బెంచీలో ఉన్న పిల్లాడు, తలుపు పక్కన ఒదిగి కూర్చునే అమ్మాయి, రొయ్యల చెరువు గట్టు మీద కాపలా ఉండే కుటుంబం నుంచి సంవత్సరం మధ్యలో వచ్చి చేరిన పిల్ల, వీళ్లెవరూ సంవత్సరమంతా నోరు విప్పకపోయినా క్లాసు సాఫీగానే నడిచిపోతుంది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు గానీ వాళ్లకి ఏం రాలేదో బయటపడదు, అప్పటికి ఆ పాఠం దాటిపోయి నెల అయి ఉంటుంది.

బోర్డుతో అయితే ప్రశ్న వేస్తాను, అందరూ రాస్తారు, రాసింది బల్ల మీద బోర్లించి పెడతారు, "ఎత్తండి" అనగానే ఒకేసారి గుండెల దగ్గరికి ఎత్తి చూపిస్తారు. అంతే. నిమిషంలోపు 42 జవాబులు నా కళ్ల ముందుంటాయి. బోర్లించి పెట్టమనడం చాలా ముఖ్యం. అలా చెయ్యకపోతే పక్కవాడి బోర్డులోకి తొంగి చూసి మార్చేస్తారు, అప్పుడు బోర్డులకి పెట్టిన డబ్బు వృథానే.

ఒక్క ఉదాహరణ వివరంగా చెప్పాలి. దశాంశాలు చెప్పడానికి మా వైపు భూమి కంటే మంచి వస్తువు లేదు. ఎకరానికి 100 సెంట్లు అని ఇక్కడ పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు, ఇంట్లో రోజూ వినేదే, పాస్‌పుస్తకంలో విస్తీర్ణం కూడా దశాంశంలోనే ఉంటుంది. కాబట్టి "1.5 ఎకరాలు అంటే ఎన్ని సెంట్లు?" అని వేశాను. నోటితో అడిగి ఉంటే ముందు బెంచీ వాళ్లు "150 అండీ" అనేవాళ్లు, నేను సరే అని ముందుకు వెళ్లేదాన్ని. బోర్డులు ఎత్తించేసరికి సగానికి పైగా బోర్డుల మీద 105 ఉంది. వాళ్ల ఆలోచన చాలా సూటిగా ఉంది, చుక్కకి ముందున్నది ఎకరం, చుక్క తర్వాత ఉన్నది సెంట్లు, కాబట్టి ఎకరం అయిదు సెంట్లు, అంటే 105. ఇది బద్ధకం వల్ల వచ్చిన తప్పు కాదు. చుక్కని రెండు వేరు సంఖ్యల మధ్య గీసిన గోడలాగా చూస్తున్నారు, అందుకే 1.5 కీ 1.05 కీ వాళ్లకి తేడా కనిపించడం లేదు.

150 రాసినవాళ్లలో ఒకమ్మాయిని ఎందుకని అడిగితే "ఎకరంన్నర కదండీ" అంది. అర అంటే 50 సెంట్లు అని ఆమెకి తెలుసు, 0.5 అంటే అర అని కూడా తెలుసు. ఆ మాట అందరూ విన్నాక 1.5, 1.05, 1.50 మూడూ నల్లబల్ల మీద రాసి, వీటిలో సమానమైనవి ఏవో రాయమన్నాను. ఈసారి ఎత్తిన బోర్డుల్లో చాలావరకు సరిగ్గానే ఉన్నాయి, తప్పు రాసిన వాళ్లు ఎవరో కూడా నాకు పేరుపేరునా తెలిసింది, వాళ్ల దగ్గరికి ఆ పీరియడ్‌లోనే వెళ్లగలిగాను.

మర్నాడు 0.6 పెద్దదా 0.45 పెద్దదా అని అడిగాను. 45 పెద్దది కాబట్టి 0.45 అని రాసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, లెక్కల టీచర్లందరికీ తెలిసిన తప్పే ఇది. సెంట్లలోకి మార్చమంటే 60, 45 అని వాళ్లే దిద్దుకున్నారు. అయితే ఈ సెంట్ల దారి రెండు దశాంశ స్థానాల వరకే పనికొస్తుంది, ఆ తర్వాత అదే పిల్లల్ని పక్కకి లాగుతుంది. 0.125 ఎకరం ఎన్ని సెంట్లు అని అడిగితే 125 అని రాసినవాళ్లు బోలెడు మంది, అంటే ఎకరంలో ఎనిమిదో వంతు కాస్తా ఎకరం పాతిక సెంట్లు అయి కూర్చుంది! అసలు జవాబు పన్నెండున్నర సెంట్లు. అక్కడ కిలోలు, గ్రాములకి మారాల్సి వచ్చింది, ఎందుకంటే కిలోకి 1000 గ్రాములు, 0.125 కిలో అంటే 125 గ్రాములు, మూడు స్థానాలూ సరిపోతాయి. ఏ ఉదాహరణ ఎంతవరకు మోస్తుందో, ఎక్కడ వదిలెయ్యాలో పిల్లల బోర్డులు చూస్తేనే తెలుస్తుంది. నోటుబుక్కులు దిద్దితే తెలిసే విషయమే కానీ, రెండు రోజులు ఆలస్యంగా.

మా సైన్స్ మాస్టారు ఈ బోర్డులు అరువు తీసుకుని శ్వాసక్రియ పాఠంలో వాడారు. ఆయన వేసిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. రొయ్యల చెరువులో నాచు ఎప్పుడు శ్వాసిస్తుంది? ఎ. పగలు మాత్రమే, బి. రాత్రి మాత్రమే, సి. పగలూ రాత్రీ. అక్షరంతోపాటు కింద ఒక్క వాక్యంలో కారణం రాయమన్నారు. చాలామంది బి అని రాశారు, మొక్కలు పగలు ఆహారం తయారుచేసుకుంటాయి, రాత్రి శ్వాసిస్తాయి అని. పాఠాన్ని ముక్కలుగా బట్టీ పడితే మిగిలేది అదే. సరైనది సి. పగలు కిరణజన్య సంయోగక్రియ వల్ల ఆక్సిజన్ ఎక్కువ పుడుతుంది కాబట్టి శ్వాస కోసం వాడుకునేది తెలియదు, రాత్రి తయారీ ఆగిపోయి వాడకం మాత్రం సాగుతూనే ఉంటుంది, నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజాముకి బాగా పడిపోతుంది, ఏరేటర్లు, అంటే నీళ్లని చిలికి గాలి కలిపే యంత్రాలు, అప్పుడు తప్పనిసరిగా తిప్పాల్సింది అందుకే. ఏరేటర్ల చప్పుడు వింటూ నిద్రపోయే పిల్లలు మా స్కూల్లో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒకడు, క్లాసులో ఎప్పుడూ మాట్లాడనివాడు, సి అని రాసి కింద "రాత్రి సూర్యుడు లేడు, గాలి తయారవదు, అందరూ వాడేస్తారు" అని రాశాడట. మాస్టారు ఆ బోర్డు నాకు తెచ్చి చూపించారు. చెయ్యి ఎత్తమంటే ఆ పిల్లవాడు ఎత్తడు, రాయమంటే రాశాడు.

ఇంకో సంగతి, ఇది మన ప్రభుత్వ బళ్లకి బాగా వర్తిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. క్లాసులో ఇంగ్లీషులో జవాబు చెప్పాలంటే సగం మందికి టెన్షన్, లెక్క వచ్చినా వాక్యం రాక నోరు మూసుకుంటారు. బోర్డు మీద అంకె, బొమ్మ, బాణం గుర్తు, తెలుగు ముక్క ఏది రాసినా సరే అంటే ఆ అడ్డు తొలగిపోతుంది. నాకు తెలియాల్సింది దశాంశం వచ్చిందా లేదా అని, ఇంగ్లీషు వాక్యం వచ్చిందా అని కాదు, దానికి వేరే పీరియడ్ ఉంది.

తప్పు రాసిన పిల్లల్ని ఏం చేస్తాం అన్నదాన్ని బట్టే ఇది నడుస్తుందా చస్తుందా అన్నది తేలుతుంది. మొదట్లో తప్పు బోర్డు ఎత్తినవాళ్లని చూసి పక్కవాళ్లు నవ్వబోయారు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను: రెండు వేర్వేరు జవాబులున్న బోర్డులు తీసుకుని, ఎవరివో చెప్పకుండా నల్లబల్ల కింద ఉన్న చెక్క అంచు మీద ఆనించి పెడతాను, "ఈ రెండూ రాసినవాళ్లు ఏమనుకుని రాసి ఉంటారు?" అని అడుగుతాను. ఏది తప్పు అని అడగను. అలా అడిగినప్పుడు 105 రాసిన ఆలోచన ఎంత సహజమైనదో పిల్లలే చెబుతారు, ఆ తర్వాత ఎక్కడ తప్పిందో కూడా వాళ్లే చెబుతారు. కొన్ని వారాలకి నవ్వడం ఆగిపోయింది.

జవాబులు సగం సగం చీలినప్పుడు నేను వెంటనే వివరించను. పక్కవాళ్లతో మాట్లాడుకోమని రెండు నిమిషాలు ఇచ్చి, మళ్లీ రాయిస్తాను. ఇది నేను కనిపెట్టింది కాదు, హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. సరైన జవాబు రాసినవాళ్లు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే చర్చకి వదలమని, అంతకంటే తక్కువైతే మళ్లీ చెప్పమని, అంతకంటే ఎక్కువైతే ముందుకు సాగమని ఆయన లెక్క. యూనివర్సిటీ పిల్లల కోసం చెప్పిందే అయినా ఏడో తరగతిలో కూడా ఆ హద్దులు నాకు పనికొస్తున్నాయి. చూపుతోనే అంచనా వేస్తాను, లెక్కపెడుతూ కూర్చోను.

ఇక పుల్లల సంగతి. పుల్ల ఐసు తిన్నాక మిగిలేవే, క్రాఫ్ట్ పనికని విడిగా డబ్బాల్లో అమ్ముతారు, చవక. ఒక్కో పుల్ల మీద ఒక్కో పిల్ల పేరు రాసి పాత బోర్నవిటా డబ్బాలో వేశాను. నోటితో చెప్పించాల్సిన ప్రశ్నలకి, అంటే "ఎందుకు?", "ఎలా తెలిసింది?" లాంటివాటికి, డబ్బాలోంచి పుల్ల తీసి ఆ పేరు పిలుస్తాను. చేతులు ఎత్తడం లేదు, టీచర్ ఇష్టం లేదు, ఎవరి పేరు వస్తే వాళ్లు. అబ్బాయిలనే ఎక్కువ అడుగుతున్నానా, ముందు వరసనే అడుగుతున్నానా అనే అనుమానమే ఉండదు.

పుల్లలు వాడేవాళ్లు చాలామంది ముందు పేరు తీసి తర్వాత ప్రశ్న వేస్తారు. అలా చేస్తే పేరు వినగానే మిగతా 41 మంది ఆలోచించడం ఆపేస్తారు. ముందు ప్రశ్న, తర్వాత కాస్త ఆగడం, ఆ తర్వాతే పుల్ల. ఈ ఆగడం గురించి అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే తేల్చారు, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదని, దాన్ని మూడు సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడుగవుతాయని, మామూలుగా మాట్లాడనివాళ్లు కూడా మాట్లాడతారని. మూడు సెకన్లంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు కానీ, నలభై మంది ఎదురుగా నిశ్శబ్దంగా నిలబడితే చాలా పొడుగ్గా అనిపిస్తుంది. నేను మనసులో అయిదు వరకు అంకెలు లెక్కపెట్టుకుంటాను.

తీసిన పుల్లని మళ్లీ డబ్బాలోనే వెయ్యాలి. పక్కన పెట్టేస్తే "నా వంతు అయిపోయింది" అని ఆ పిల్ల మిగతా పీరియడంతా నిశ్చింతగా ఉంటుంది. అలాగే పేరు వచ్చినా జవాబు తెలియని పిల్లకి ఒక దారి ఉండాలి. "ఇంకొకరు చెప్పాక చెబుతానండీ" అనొచ్చని నియమం పెట్టాను, కానీ చెప్పడం మాత్రం తప్పదు, ఇంకొకరి జవాబు విని తన మాటల్లో చెప్పాలి. భయపడే పిల్లలకి ఇది పెద్ద ఊరట. అయినా ఒకరిద్దరికి పేరు వస్తుందేమోనన్న బెదురు పోలేదు, వాళ్లకి ముందుగా జంటగా మాట్లాడుకునే సమయం ఇస్తే నోరు విప్పుతున్నారు. ముందు ఎవరికి వారు ఆలోచించి, జంటగా మాట్లాడుకుని, తర్వాత అందరికీ చెప్పే ఈ వరసని 1981లో ఫ్రాంక్ లైమన్ అనే అమెరికన్ విద్యావేత్త ఒక పద్ధతిగా పెట్టారు. మన బళ్లలో జంటలు ఎలాగూ బెంచీ మీదే ఉంటాయి, ప్రత్యేకంగా ఏర్పాటు చెయ్యాల్సిన పని లేదు.

పుల్లలా బోర్డులా అని అడిగితే, రెండింటిలో ఒకటే కొనాలంటే బోర్డులే. పుల్లలు న్యాయంగా ఉంటాయి, నిజమే, కానీ ఒకేసారి ఒక్కరి బుర్రే కనిపిస్తుంది. బోర్డులతో అందరిదీ కనిపిస్తుంది.

ప్లికర్స్ అనే యాప్ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ట్రైనింగుల్లో చాలామంది అదే చెబుతారు. ఒక్కో పిల్లకి ఒక్కో రకం నలుపు తెలుపు గుర్తున్న కాగితం కార్డు ఇస్తారు, కార్డుని ఎటు తిప్పి పట్టుకుంటే అది ఎ, బి, సి, డిల్లో ఒక జవాబు, టీచర్ తన ఫోన్ కెమెరాతో క్లాసు మొత్తాన్ని ఒకసారి చూపిస్తే ఎవరు ఏం ఎంచుకున్నారో నమోదైపోతుంది. పిల్లల దగ్గర ఫోన్లు అక్కర్లేదు. కార్డుల గుర్తులు ఒక్కొక్కరివి ఒక్కో రకం కాబట్టి పక్కవాళ్లని చూసి కాపీ కొట్టడం కష్టం, రికార్డు మిగులుతుంది, తల్లిదండ్రుల మీటింగుకి పనికొస్తుంది. మంచి ఆలోచన. కానీ నాకు కావాల్సింది 105 అనే అంకె. నేను ఆప్షన్లలో 105 పెట్టాలంటే ఆ తప్పు వస్తుందని నాకు ముందే తెలిసి ఉండాలి, తెలియని తప్పులు కార్డు మీద కనిపించవు. అందుకే కొత్త పాఠానికి బోర్డు, పునశ్చరణకి కార్డు అని నా అభిప్రాయం.

ఇప్పుడు బోర్డు నాణ్యత. పిల్లలకి ఇవ్వడానికి తేలిగ్గా, రెండు వైపులా రాసుకునేలా ఉన్నాయి, ఒక వైపు గళ్లు, ఒక వైపు తెలుపు. గళ్ల వైపు గ్రాఫులకి, భిన్నాల బొమ్మలకి బాగా ఉపయోగపడుతోంది. లోపల అట్ట మాత్రం చవక రకం. మా వైపు వానాకాలం తేమ సంగతి తెలిసిందే, గోడలే చెమరుస్తాయి, బీరువాలో పెట్టినా ఆగస్టు దాటేసరికి పది పన్నెండు బోర్డుల అంచులు ఉబ్బిపోయాయి, రెండింటికి పై పొర లేచిపోయింది. షాపతనికి ఫోన్ చేస్తే "స్కూళ్లోళ్లు చాలామంది తీసుకెళ్తారండీ, ఎవరూ ఏమనలేదండీ, రిటర్న్ ఉండదండి మేడమ్ గారూ" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, డబ్బు మాత్రం రాలేదు. కొనేముందు అంచులకి ప్లాస్టిక్ ఫ్రేము ఉన్నవి అడగండి, లేకపోతే తెచ్చిన రోజే నాలుగు వైపులా వెడల్పు సెల్లోటేపు వేసెయ్యండి. మేము మిగతావాటికి అలాగే వేశాం, తర్వాత ఒక్కటి కూడా ఉబ్బలేదు.

మార్కర్లు ఇద్దరికి ఒకటైనా సరిపోతుంది, కానీ ఒకరు రాసి రెండోవారికి ఇచ్చే ఆలస్యంలో కాపీ కొట్టే అవకాశం ఉంది కాబట్టి వీలైతే మనిషికొకటి మంచిది. వాటి ఖర్చే అసలు ఖర్చు, బోర్డు ఒకసారి కొంటాం, మార్కర్లు ఎప్పటికీ కొంటూనే ఉండాలి. మూత టక్‌మని వినిపించేలా పెట్టాలని నేర్పిస్తే ఎక్కువ రోజులు వస్తాయి. రీఫిల్ ఇంకు పోసుకునే రకం కొంటే ఇంకా మేలు. పొరపాటున ఎవరైనా పర్మనెంట్ మార్కర్‌తో రాస్తే కంగారు పడొద్దు, దాని మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో దట్టంగా గీసి వెంటనే తుడిస్తే చాలావరకు పోతుంది, మొండిగా ఉంటే కాస్త శానిటైజర్ పోసి తుడవండి. డస్టర్లు కొనక్కర్లేదు, పాత నూలు చీర ముక్కలు చాలు.

డబ్బు లేనివాళ్లకి ఒక చవక దారి: పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ఫైల్ కవరు కొని లోపల ఒక అట్టముక్క, దాని మీద తెల్లకాగితం పెడితే పైన మార్కర్‌తో రాసి తుడుచుకోవచ్చు. దీనికి బోర్డుకి లేని సుఖం ఒకటుంది, కాగితం మార్చి సంఖ్యారేఖో, ఆంధ్రా మ్యాపో లోపల పెట్టొచ్చు. గోదావరి పాయల పేర్లు, గౌతమి, వశిష్ఠ, వైనతేయ, మ్యాపు మీద గుర్తించమని మా సోషల్ టీచర్ ఇలాగే చేయించారు. రోజూ చూసే ఏటి పేరు మ్యాపులో వేరే పాయకి రాసినవాళ్లు ఎంతమందో ఆవిడకి ఆరోజే తెలిసింది. కవర్లు త్వరగా గీతలు పడి మసకబారతాయి, ఒక సంవత్సరం వస్తే ఎక్కువే.

పాత పలకా బలపం చాలదా అని మా హెడ్మాస్టర్ గారు అడిగారు. ఒకటి రెండు తరగతులకి భేషుగ్గా సరిపోతుంది. ఏడో తరగతి పిల్లలకి పలక ఇస్తే చిన్నపిల్లల్ని చేశారని ముడుచుకుపోతారు, పైగా బలపం గీత సన్నం, వెనక వరసలో ఎత్తితే నాకు కనబడదు. మార్కర్ గీత లావుగా ఉంటుంది, రెండు అంగుళాల ఎత్తు రాయమంటే గది చివరి నుంచి కూడా చదవగలను.

ఇవన్నీ కొన్నా ప్రశ్న సరిగ్గా లేకపోతే లాభం లేదు. "3.4 ప్లస్ 2.5 ఎంత?" అని అడిగితే అందరూ 5.9 అని రాస్తారు, చుక్క గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా రాస్తారు, మనకి ఏమీ తెలియదు. "3.4 ప్లస్ 2.75" అని అడగండి, 5.79 రాసినవాళ్లు వెంటనే బయటపడతారు, చుక్కకి అటువైపు విడిగా, ఇటువైపు విడిగా కూడుతున్నారని తెలుస్తుంది (అసలు జవాబు 6.15). రోజుకి ఇలాంటి ప్రశ్న ఒక్కటి తయారుచెయ్యడానికి నాకు పాఠం తయారీ కంటే ఎక్కువ సమయం పడుతోంది, ఆ సమయానికి తగ్గ ఫలితం కూడా ఉంది. రోజుకి ఒకటి రెండు ప్రశ్నలు మించొద్దు, ప్రతి లెక్కకీ బోర్డు ఎత్తిస్తే పిల్లలకి విసుగొస్తుంది, నోటుబుక్కులో చెయ్యాల్సిన అభ్యాసం కూడా తగ్గిపోతుంది.

ఇబ్బందులు లేవని కాదు. పంచడానికి, తియ్యడానికి మొదట్లో అయిదు నిమిషాలు పోయేవి, 45 నిమిషాల పీరియడ్‌లో అది తక్కువేం కాదు. ఇప్పుడు ప్రతి బెంచీ కింద ఒక సంచి కట్టాం, బోర్డులు అందులోనే ఉంటాయి. బొమ్మలు గీసుకునే సరదా రెండు వారాలు ఉంటుంది, దానికి పీరియడ్ చివర్లో రెండు నిమిషాలు వదిలేస్తే మధ్యలో గియ్యరు. 60 మంది ఉన్న క్లాసులో ఒక్క చూపుతో బోర్డులన్నీ చదవడం కష్టం, అక్కడ బెంచీకి ఒక బోర్డు ఇచ్చి ముగ్గురూ ఒప్పుకున్నాకే రాయమంటే బాగుంటుంది, రాసే పని మాత్రం రోజుకొకరు మారుతూ ఉండాలి.

రేటింగ్ అడిగితే, మేము కొన్న బోర్డులకి అయిదులో మూడు, అంచులు ఉబ్బినందుకు. పుల్లలకి నాలుగు. అందరూ ఒకేసారి రాసి ఎత్తి చూపించే పద్ధతికి అయిదుకి అయిదు, దీంట్లో నాకు రెండో ఆలోచన లేదు. కొనేవాళ్లు జూన్‌లో బళ్లు తెరిచే ముందే కొనుక్కోండి, తెరిచాక స్టేషనరీ షాపుల్లో నిలబడటానికి చోటుండదు, బేరం కూడా కుదరదు. క్లాసు బలం కంటే నాలుగైదు ఎక్కువ తీసుకోండి, మధ్యలో చేరే పిల్లలు ఎప్పుడూ ఉంటారు, వచ్చిన మొదటి రోజే వాళ్ల చేతిలో కూడా ఒక బోర్డు ఉండాలి, డబ్బాలో వాళ్ల పేరుతో ఒక పుల్ల ఉండాలి.